మొటిమల చర్మానికి సెరావీ పీఎం లోషన్: వెనుక ఉన్న జాబితా చదివి చెబుతున్న మాట

సెరావీ పీఎం ఫేషియల్ మాయిశ్చరైజింగ్ లోషన్ ఒక సీసా పూర్తిగా వాడి, రెండోది మొదలుపెట్టాక ఈ సమీక్ష రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను. జిడ్డుగా ఉండి, తరచూ మొటిమలు వచ్చే చర్మానికి, అందులోనూ మొటిమల మందు వాడుతూ పొట్టు లేస్తున్న చర్మానికి ఇది నమ్మి కొనదగిన మాయిశ్చరైజర్. బాగా పొడి చర్మం ఉన్నవాళ్లకు ఇది చాలదు. ఎందుకు ఇలా అంటున్నానో సీసా వెనుక ముద్రించిన పదార్థాల జాబితా పట్టుకునే చెబుతాను. ముఖానికి రాసే ఏ క్రీము గురించైనా కాస్త నమ్మదగిన సమాచారం దొరికేది అక్కడే.

నా సంగతి రెండు ముక్కల్లో. పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా వృత్తి, కాబట్టి చిన్న అక్షరాలంటే నాకు విసుగు లేదు. నుదుటి మీద, ముక్కు మీద మధ్యాహ్నానికల్లా నూనె తేలుతుంది. దవడ పొడవునా, గడ్డం కింద మొటిమలు కాలేజీ రోజుల నుంచీ వస్తూ పోతూ ఉన్నాయి. ప్రస్తుతం చర్మ వైద్యురాలు రాసిన 0.1 శాతం అడాపలీన్ అనే మొటిమల మందు జెల్ రాత్రిపూట రాసుకుంటున్నాను.

"అక్కా, నీ మొహం ఎలాగూ జిడ్డుగానే ఉంటుంది కదా, పైన మళ్లీ క్రీమెందుకు?" అని మా చెల్లి అడిగింది. జిడ్డు చర్మం ఉన్న చాలామంది ఈ సందేహంతోనే మాయిశ్చరైజర్ జోలికి వెళ్లరు. చర్మం మీద తేలే నూనె వేరు, చర్మంలో నిలవాల్సిన తేమ వేరు. నూనెను తైలగ్రంథులు స్రవిస్తాయి. తేమను ఆపి ఉంచేది చర్మపు పైపొర. ఆ పొరలో కణాల మధ్య ఉండే కొవ్వుల్లో బరువు లెక్కన దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఇవి తగ్గితే లోపలి నీరు ఆవిరైపోతుంది. అప్పుడు మొహం పైకి మెరుస్తూనే ఉంటుంది, నవ్వితే మాత్రం బుగ్గలు బిగుసుకుపోయినట్టు ఉంటాయి. మొటిమలున్నవాళ్లలో ఈ రక్షణపొర బలహీనంగా ఉంటుందని 1995లోనే జపాన్ పరిశోధకులు చూపించారు. దానికి తోడు అడాపలీన్, ట్రెటినాయిన్, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి మందులన్నీ చర్మాన్ని ఎండగట్టేవే. మంటకు, పొట్టుకు తాళలేక మందు మధ్యలో వదిలేసేవాళ్లు ఎందరో. పక్కన సరైన మాయిశ్చరైజర్ ఉంటే ఆ మందును నెలల తరబడి కొనసాగించడం సాధ్యమవుతుంది. అందుకే నేను దీన్ని అలంకరణ సామగ్రిలో కలపను, చికిత్సలో భాగంగానే లెక్కపెడతాను.

ఇక డబ్బా ముందు భాగం. 'నాన్ కామెడోజెనిక్', అంటే రోమరంధ్రాలను మూసెయ్యదు అనే మాట, దాదాపు ప్రతి మాయిశ్చరైజర్ మీదా కనిపిస్తుంది. ఈ మాట రాయడానికి ఫలానా పరీక్షలో నెగ్గి తీరాలని అమెరికా ఆహార ఔషధ సంస్థ నియమమేదీ పెట్టలేదు. కొన్ని కంపెనీలు మనుషుల మీద నిజంగా పరీక్షించే రాస్తాయి. కొన్ని 'రంధ్రాలను మూసేస్తాయని పేరుపడ్డ ఆ జాబితాలోని పదార్థాలు మేం వాడలేదు' అన్న భరోసాతో రాస్తాయి. ఏది ఏ రకమో డబ్బా చూసి తెలుసుకోలేం.

'ఆ జాబితా' చరిత్ర తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. సౌందర్య సాధనాల వల్ల వచ్చే మొటిమల గురించి చర్మ పరిశోధకులు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఒటో మిల్స్ 1972లో ఒక వ్యాసం ప్రచురించారు. అప్పట్లో పరీక్షకు వాడినది కుందేలు చెవి. చెవి లోపలి వైపు పదార్థాన్ని కొన్ని వారాలు రాసి, రోమరంధ్రాలు ఎంత మూసుకుపోయాయో చూసేవారు. 1989లో జేమ్స్ ఫుల్టన్ అదే పద్ధతిలో ఎన్నో పదార్థాలకు, రంధ్రాలను ఎంత మూస్తాయో దాన్ని బట్టి సున్నా నుంచి 5 వరకు అంకెలు ఇచ్చారు. ఇప్పుడు అందరూ పంచుకునే అంకెల జాబితాలకు మూలం ఎక్కువగా అదే. కుందేలు చెవి మనిషి ముఖం కన్నా చాలా తొందరగా స్పందిస్తుంది. పైగా అక్కడ పరీక్షించింది విడి పదార్థాన్ని, తయారైన క్రీమును కాదు. 2006లో జోయీ డ్రేలోస్, జోసెఫ్ డినార్డో ఆ లోటు తీర్చారు. మూసుకుపోయేలా చేస్తాయని పేరుపడ్డ పదార్థాలతో తయారైన ఉత్పత్తులను మనుషుల మీద పరీక్షించి, అలాంటి పదార్థం ఉన్నంత మాత్రాన ఉత్పత్తి రంధ్రాలను మూసెయ్యాలనేమీ లేదని తేల్చారు. అంటే జాబితాలో 4 అంకె ఉన్న పదార్థం కనిపించగానే సీసా పారెయ్యనక్కర్లేదు. అది ఎంత మోతాదులో ఉంది, ఏ రకమైన తయారీలో ఉంది అన్నవే అసలు ప్రశ్నలు.

మోతాదు ఎంతో కంపెనీ చెప్పదు. కానీ వరుస చెబుతుంది. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది అమెరికాలోనూ ఐరోపాలోనూ నియమం. 1 శాతం దాటని వాటిని మాత్రం ఆ చివరన ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఆ గీత ఎక్కడ పడుతుందో పసిగట్టడానికి నేను వాడే గుర్తు ఫినాక్సీఎథనాల్. ఇది క్రీము చెడిపోకుండా కలిపే పదార్థం. ఐరోపా నిబంధనల ప్రకారం 1 శాతం మించకూడదు. జాబితాలో అది కనిపించిన చోటు నుంచి కింద ఉన్నవన్నీ అంతకు మించి ఉండవు. క్శాంథన్ గమ్, కార్బోమర్ వంటి చిక్కదనం ఇచ్చే పదార్థాలు కూడా మామూలుగా 1 శాతం లోపే ఉంటాయి కాబట్టి అవీ పనికొచ్చే గుర్తులే. డబ్బా ముందు ఒక పువ్వు బొమ్మ పెద్దగా వేసి, వెనుక ఆ పువ్వు సారాన్ని ఫినాక్సీఎథనాల్ తర్వాత రాశారంటే, ఆ పువ్వు కోసం మీరు డబ్బు పెట్టకండి.

ఈ కళ్లతో నా చేతిలో ఉన్న సీసా చదువుదాం. మొదట నీరు, రెండోది గ్లిజరిన్. గ్లిజరిన్ రెండో స్థానంలో ఉందంటే నాకు సగం నమ్మకం కుదిరినట్టే. నీటిని పట్టి ఉంచడంలో దానికి దశాబ్దాల అనుభవం ఉంది, రంధ్రాలను మూసే గుణం లేదు. మూడోది క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్. పేరు చూసి కంగారు పడేవాళ్లున్నారు. ఇది కొబ్బరినూనె వంటి వాటి నుంచి మధ్యస్థ గొలుసుల కొవ్వు ఆమ్లాలను వేరుచేసి తయారుచేసే పలచని నూనె. అసలు కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం ఇందులో ఉండదు. కొబ్బరినూనెకు అంకెల జాబితాలో 4 ఉంది కదా అని దీన్ని కూడా అదే గాటన కట్టడం సరికాదు. చర్మం మీద ఇది బరువుగా అనిపించదు.

నాలుగోది నియాసినమైడ్. నేను ఈ సీసా కొన్నది ముఖ్యంగా దీని కోసం. మొటిమల ఎరుపును, వాపును తగ్గించడంలో దీనికి ఆధారం ఉంది. 4 శాతం నియాసినమైడ్ జెల్, మొటిమలకు రాసే యాంటీబయాటిక్ అయిన 1 శాతం క్లిండామైసిన్ జెల్‌తో సమానంగా పనిచేసిందని 1995లో ఒక అధ్యయనం వచ్చింది. ఈ లోషన్‌లో అది ఎంత శాతమో సీసా మీద రాయలేదు కాబట్టి అంత ఫలితం ఇస్తుందని నేను మాట ఇవ్వను. కానీ జాబితాలో నాలుగో స్థానంలో ఉందంటే పేరుకు చిటికెడు వేసి వదిలేయలేదని అర్థం. 10 శాతం అని గొప్పగా రాసుకునే సీరములు నా బుగ్గలను ఎర్రబరిచాయి. ఇది ఒక్కసారి కూడా మంట పుట్టించలేదు.

ఐదోది సెటియారిల్ ఆల్కహాల్. ఆల్కహాల్ అన్న పేరుంటే చాలు, చర్మం ఎండిపోతుందని పక్కన పెట్టేసేవాళ్లు ఎక్కువ. ఎండగట్టేది 'ఆల్కహాల్ డీనాట్' అని రాసేది. అది మొదటి నాలుగైదు పేర్లలో కనిపిస్తే నేనూ కొనను. సెటియారిల్, సెటైల్, స్టియరిల్ ఆల్కహాల్ అన్నవి మైనం లాంటి మెత్తని ఘన పదార్థాలు. నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచి క్రీముకు ఆ నునుపును ఇస్తాయి. సెటియారిల్ ఆల్కహాల్‌కు అంకెల జాబితాల్లో 2 ఇస్తారు. నా దవడ మీద అది ఏ ఇబ్బందీ పెట్టలేదు.

తర్వాత వచ్చేది పొటాషియం ఫాస్ఫేట్. ఆమ్ల క్షార సమతుల్యం కోసం కలిపే లవణం. దాని తర్వాత ఈ కంపెనీ గొప్పగా చెప్పుకునే మూడు సెరమైడ్లు: ఎన్‌పీ, ఏపీ, ఈఓపీ. వరుస చూస్తే ఇవి 1 శాతం గీతకు కిందే ఉన్నాయన్నది నా అంచనా. ఇది లోపమని నేను అనను. కొంచెం కిందికి కొలెస్ట్రాల్, ఫైటోస్ఫింగోసిన్ కూడా ఉన్నాయి, అంటే చర్మంలో సహజంగా ఉండే కొవ్వుల జట్టును దృష్టిలో పెట్టుకునే దీన్ని తయారుచేశారు. అయినా పొద్దున లేవగానే తెలిసే మెత్తదనం ప్రధానంగా గ్లిజరిన్ చేసిన పని అనే నమ్ముతున్నాను. సెరమైడ్ల పేరు చూసి కొనాలనుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకుని కొనడం మంచిది.

డైమెథికోన్ కూడా ఉంది. ఇది ఒక రకం సిలికోన్. 'సిలికోన్ చర్మాన్ని ఊపిరాడకుండా చేస్తుంది' అన్న మాట ఎంతగా పాతుకుపోయిందంటే, సిలికోన్ లేదని డబ్బాల మీద గొప్పగా రాసుకుంటున్నారు. చర్మం ఆక్సిజన్‌ను ముక్కులా పీల్చదు, డైమెథికోన్ పొర నీటి ఆవిరిని పూర్తిగా ఆపెయ్యదు. రంధ్రాలను మూసే స్వభావం దానికి లేదు. జిడ్డు చర్మానికి బరువు లేకుండా తేమను ఆపగలిగే పదార్థాల్లో దీన్ని మించినవి తక్కువ.

జాబితాలో నేను వెతికి, కనిపించనందుకు సంతోషించినవి కూడా చెప్పాలి. సువాసన లేదు. ఫ్రాగ్రెన్స్ లేదా పర్‌ఫ్యూమ్ అన్న ఒక్క పేరు కింద పదుల కొద్దీ రసాయనాలు దాగి ఉండవచ్చు. అవి మొటిమలు తెప్పిస్తాయని చెప్పలేను గానీ, మందు వల్ల ఇప్పటికే ఒరిసిపోయిన చర్మానికి దురద, మంట తెప్పించే పదార్థాల్లో ముందు వరసలో ఉంటాయి. లావెండర్, నిమ్మ జాతి తైలాలు సహజమైనవే అయినా వాటిలోని లినలూల్, లిమొనీన్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. రంధ్రాలను మూస్తాయని పేరుపడ్డ ఐసోప్రొపైల్ మిరిస్టేట్, ఐసోప్రొపైల్ పాల్మిటేట్ లేవు. కోకో వెన్న లేదు.

ఐసోప్రొపైల్ పాల్మిటేట్ అన్న పేరు దగ్గర కాస్త ఆగాలి. ఇదే సమయంలో వేరొక కంపెనీ జెల్ క్రీము కూడా వాడి చూశాను. పేరు చెప్పను. ముందు వైపు 'ఆయిల్ ఫ్రీ' అని కొట్టొచ్చినట్టు ఉంది. వెనుక ఐసోప్రొపైల్ పాల్మిటేట్ మూడో స్థానంలో ఉంది. నూనె లేదన్న మాట అక్షరాలా నిజమే, ఎందుకంటే అది నూనె కాదు, నూనె లాగే జారే ఎస్టరు అనే రకం రసాయనం. అంకెల జాబితాలో దానికి 4. అంకెను పూర్తిగా నమ్మనని పైనే చెప్పాను, అందుకే దవడకు ఒక పక్క మాత్రమే రాసి చూశాను. కొన్ని వారాలకు ఆ పక్కన వేలితో తడిమితే తెలిసేంత చిన్న చిన్న గడ్డలు లేచాయి, రెండో పక్క మామూలుగానే ఉంది. నూనె వద్దనుకుని కొనేవాళ్లు ఏ భయంతో కొంటున్నారో ఆ కంపెనీకి తెలియదా? ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని అదే పని చేసే పదార్థాన్ని వెనుక చేర్చడం నాకు కోపం తెప్పించింది.

వాడకం దగ్గరికి వద్దాం. లోషన్ పలచగా, తెల్లగా ఉంటుంది. మొహం కడిగి, తడి పూర్తిగా ఆరకముందే రెండు నొక్కుల లోషన్ ముఖమంతా సరిపోతుంది. మొదట కాస్త తడిగా మెరిసినా, కాసేపటికి ఆ మెరుపు పోతుంది, అంటుకునే గుణం మిగలదు. అడాపలీన్ కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో ముందు లోషన్, అది ఇంకాక జెల్, ఆ పైన మళ్లీ పలచగా లోషన్ రాసుకున్నాను. ముక్కు పక్కల, పెదవుల మూలల్లో లేచే పొట్టు దీనివల్ల బాగా తగ్గింది. ఆ మూలల్లో మందు పేరుకుపోకుండా ముందే అక్కడ లోషన్ అద్దుకోవడం బాగా పనిచేసింది.

పేరులో పీఎం ఉందని రాత్రికే పరిమితం చెయ్యనక్కర్లేదు. అందులో సన్‌స్క్రీన్ లేదని మాత్రమే ఆ పేరుకు అర్థం. పగలు రాసుకుంటే పైన సన్‌స్క్రీన్ తప్పనిసరి, ముఖ్యంగా అడాపలీన్ వాడేవాళ్లకు. ఇక్కడ నాకున్న ఫిర్యాదు ఒకటుంది. లోషన్ ఇంకకముందే సన్‌స్క్రీన్ రాస్తే రెండూ కలిసి చిన్న చిన్న ఉండలుగా రాలతాయి. కొంతసేపు ఆగాల్సిందే, పొద్దున్నే తొందరలో ఉన్నవాళ్లకు అది చిరాకు. సీసా లోపలిది బయటికి కనిపించదు, ఎంత మిగిలిందో తెలియదు. అయితే వేళ్లు పెట్టి తీసే మూత డబ్బా కన్నా ఈ పంపు సీసానే నాకిష్టం. వేళ్ల మురికి లోపలికి వెళ్లదు, గాలి తగలడమూ తక్కువ.

దీన్ని వాడితే మొటిమలు పోతాయా అని అడిగితే, పోవు. మొటిమలను తగ్గించేది మందు. ఈ లోషన్ వాడిన కాలంలో కొత్త మొటిమలను ఇది తేలేదు, మందు ఆపాల్సిన అవసరం రానివ్వలేదు. మాయిశ్చరైజర్ నుంచి నేను కోరేది అంతే.

కొత్తది ఏది కొన్నా, అందరూ మెచ్చుకున్నదైనా, మొహమంతా ఒకేసారి రాయకండి. ముందు చెవి వెనుక కొన్ని రోజులు రాస్తే దురద, ఎరుపు వంటివి బయటపడతాయి. రంధ్రాలు మూసుకోవడం మాత్రం అంత తొందరగా తెలియదు. లోపల మూసుకున్న రంధ్రం పైకి మొటిమగా కనిపించడానికి వారాలు పడుతుంది. కాబట్టి మీకు ఎక్కువగా మొటిమలు వచ్చే చోటే ఒక పక్కన నెలకు పైగా రాసి చూడండి, ఆ మధ్యలో ఇంకే కొత్త వస్తువూ చేర్చకండి. కొత్త మాయిశ్చరైజర్ వల్ల మొటిమలు లేస్తే 'లోపలిదంతా బయటికి వస్తోంది, ఓపిక పట్టు' అని చెప్పేవాళ్ల మాట వినకండి. ట్రెటినాయిన్, అడాపలీన్ వంటివి కణాలు మారే వేగాన్ని పెంచుతాయి కాబట్టి మొదట్లో అలా జరగవచ్చు. గ్లిజరిన్, సెరమైడ్లు ఆ పని చెయ్యవు. మామూలు మాయిశ్చరైజర్‌తో మొటిమలు పెరిగితే అది మీకు పడలేదనే లెక్క.

ఇది ఎవరు కొనకూడదో కూడా చెబుతాను. నుదుటి మీద, జుట్టు అంచున, ఛాతీ మీద ఒకే పరిమాణంలో చిన్న పొక్కులు లేచి బాగా దురద పెడుతుంటే అవి మామూలు మొటిమలు కాకపోవచ్చు. మలసీజియా అనే ఫంగస్ రోమకూపాల్లో పెరిగినప్పుడు అలా వస్తాయి. వాటికి మొటిమల మందులు పనిచెయ్యవు, కీటోకొనజోల్ వంటి ఫంగస్ మందు కావాలి. ఆ ఫంగస్‌కు 11 నుంచి 24 కార్బన్ల గొలుసున్న కొవ్వు ఆమ్లాలే ఆహారం. ఈ లోషన్‌లోని క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్‌వి 8, 10 కార్బన్ల గొలుసులు కాబట్టి దాంతో బెడద లేదు. కానీ జాబితా చివర పాలిసార్బేట్ 20, మధ్యలో సోడియం లారోయిల్ లాక్టిలేట్ ఉన్నాయి, రెండూ 12 కార్బన్ల లారిక్ ఆమ్లంతో తయారయ్యేవి. మోతాదు తక్కువే అయినా ఆ సమస్య ఉన్నవాళ్లు తగ్గేదాకా దీనికి దూరంగా ఉండి, గ్లిజరిన్, డైమెథికోన్ మాత్రమే ప్రధానంగా ఉన్న సాదా జెల్ చూసుకోవడం మేలు. నియాసినమైడ్ రాయగానే మొహం ఎర్రబడే తత్వం ఉన్నవాళ్లకూ ఇది వద్దు. పెద్దగా, లోతుగా, నొప్పితో లేచి గుంటలు మిగిల్చే మొటిమలుంటే మాయిశ్చరైజర్ల పోలికతో కాలం గడపకుండా ముందు చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఇంకొక జాగ్రత్త. కంపెనీలు తయారీని మారుస్తుంటాయి, ఒకే పేరుతో ఉన్న సీసా వేర్వేరు దేశాల్లో వేర్వేరు పదార్థాలతో ఉండవచ్చు. నేను పైన రాసింది నా చేతిలో ఉన్న సీసా గురించి. మీరు కొనేదాని వెనుక గ్లిజరిన్ రెండో స్థానంలో, నియాసినమైడ్ మొదటి ఐదింటిలో ఉన్నాయో లేదో, సువాసన కొత్తగా చేరిందేమో చూసుకుని తీసుకోండి.